మూడో టేకు

పాట మొత్తం మూడు నిమిషాలు కూడా ఉండదు. అందులో లోకానికి తెలిసింది చివర్లో వచ్చే ఒక్క వరస. ‘ది లయన్ స్లీప్స్ టునైట్’ అన్న పేరుతో ఆ వరస సముద్రాలు దాటింది. డిస్నీ వారి ‘ది లయన్ కింగ్’ సినిమాతో మన పిల్లల నోళ్లలోకీ వచ్చింది. అది మొదటిసారి పలికింది 1939లో, జొహన్నెస్‌బర్గ్‌లో, ఎరిక్ గాలో కంపెనీ స్టూడియోలో. పాడింది ‘ఒరిజినల్ ఈవెనింగ్ బర్డ్స్’ అనే ఆరుగురు జూలూ గాయకుల జట్టు. పాట పేరు ‘ఎంబుబే’. జూలూ భాషలో సింహం అని అర్థం.

ఆ చివరి వరస గురించి చాలామంది రాశారు. నన్ను మాత్రం దానికి ముందున్న రెండు నిమిషాల పైచిలుకే పట్టుకుని వదలదు. చిన్నప్పుడు మా ఊరి రామమందిరంలో భజన గుంపులో వంత పాడినవాణ్ణి. ముందుపాట పాడే పెద్దాయన గొంతు ఎక్కడెక్కడికో వెళ్లిపోయేది. పల్లవి మరిచిపోయాడేమో అనిపించేంత దూరం తిరిగి, మళ్లీ మా మీదికే వచ్చి వాలేది. మేం తాళాలు కొట్టుకుంటూ అదే పాదాన్ని, అదే ఎత్తులో, ఊపు తగ్గకుండా, ఊపు పెరగకుండా అంటూ ఉండాలి. ఒక్కడు తొందరపడితే చాలు, పెద్దాయన పాడుతూనే కళ్లెర్రజేసేవాడు. వంత ఎంత పనితనమో నాకు అక్కడే ఒంటికి పట్టింది. అందుకే ‘ఎంబుబే’ ఎప్పుడు విన్నా నా చెవి ముందు కింది గొంతుల దగ్గరికే పోతుంది.

జట్టుకి పెద్ద సాలమన్ లిండా. 1909లో నేటాల్ ప్రాంతంలో, పొమెరాయ్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. మిషనరీల బడిలో క్రైస్తవ కీర్తనలు, నాలుగు గొంతులు నాలుగు ఎత్తుల్లో కలిపి పాడే పద్ధతి అలవడ్డాయి. ఇంటి దగ్గర పశువుల్ని కాసే పిల్లల పాటలు, పెళ్లిపాటలు ఎటూ ఉన్నాయి. మూడోది ఒకటుంది. 1890ల్లో ఆర్ఫియస్ మెకడూ అనే నల్లజాతి అమెరికన్ గాయకుడు తన బృందంతో దక్షిణాఫ్రికా తిరిగి కచేరీలు చేశాడు. తాళం మీద పడాల్సిన మాటని కొంచెం ముందుకో వెనక్కో జరిపి పాడే అమెరికా విరుపు ఆ రోజుల నుంచీ అక్కడి పట్నాల్లోకి, పట్నాల నుంచి పల్లెల్లోకి దిగుతూ వచ్చింది. లిండా, అతని నేస్తాలు తమ పెళ్లిపాటల్లోకి ఆ విరుపుని తెచ్చుకున్నారు. కీర్తన, పశువుల కాపరి కేక, పట్నపు విరుపు: మూడూ ఒకే గొంతులో ఇమిడినవాడు స్టూడియో మెట్లెక్కాడన్నది ఈ పాట వినేటప్పుడు మనసులో పెట్టుకోవాలి.

ఆ నేటాల్ మనవాళ్లకి కొత్త చోటేమీ కాదు. 1860 నవంబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు రేవు నుంచి మొదటి ఒప్పంద కూలీల్ని తెచ్చి డర్బన్‌లో దించింది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు చెరుకు తోటల పనికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. లిండా పొట్టకూటికి ఊరు వదిలి జొహన్నెస్‌బర్గ్ చేరిన 1931లోనే, నేటాల్‌లోని మనవాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఊరు వదిలినవాడు మొదట వెతుక్కునేది తన ఊరి గొంతుని. భజన గుంపు కట్టినా, జూలూ పాటల జట్టు కట్టినా వెనకున్న ఆకలి ఒక్కటే.

జొహన్నెస్‌బర్గ్‌లో లిండా మొదట ఒక ఫర్నిచర్ దుకాణంలో కుదిరాడు. ‘ఈవెనింగ్ బర్డ్స్’ అన్న పేరుతో అతని కుటుంబంలోని పెద్దలిద్దరు నడిపే జట్టులో పాడేవాడు. 1933లో అది విడిపోయింది. తర్వాత కార్ల్‌టన్ హోటల్లో పనికి చేరి, పేరు అదే ఉంచి, తనే కొత్త జట్టు కట్టాడు. అందరూ పొమెరాయ్ వైపు నుంచి వచ్చిన నేస్తాలే. గొంతు ఎత్తులో అందరి కంటే పైన లిండా. అతనికి కొంచెం కింద గిల్బర్ట్ మడోండో, ఆ కింద బాయ్ సిబియా. అడుగున గిడియన్ ఎంఖిజే, శామ్యూల్ ఎంలంగేని, ఓవెన్ సిఖకానే. లెక్క చూడండి. ఆరుగురిలో ముగ్గురు అడుగు గొంతులే. కింది గొంతుని ఒక్కరితో సరిపెట్టకుండా ఇలా బలగం చేయడం లిండా తెచ్చిన కొత్తదనాల్లో ఒకటని ఆ సంగీతం చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

ఇందులో ఎంత తెలివుందో ఇల్లు కట్టినవాళ్లకి తెలుస్తుంది. ఒక్క గొంతు అడుగున ఉంటే ఆ మనిషి ఊపిరి తీసుకున్నప్పుడల్లా పాట కింద చిన్న గుంట పడుతుంది. ముగ్గురుంటే ఒకరి ఊపిరిని ఇంకొకరు కప్పేస్తారు. వినేవాడికి అది మనుషులు పాడుతున్నట్టుండదు, నేల పలుకుతున్నట్టుంటుంది. మన తంబురాలో నాలుగు తీగలు ఒకదాని వెనక ఒకటి మోగి, ఎక్కడా ఖాళీ లేకుండా శ్రుతిని నింపుతాయి చూడండి, అలాంటి ఏర్పాటే ఇది. కాకపోతే ఇక్కడి తీగలు పగలంతా పనిచేసి వచ్చిన మనుషుల గుండెలు.

పైన లిండా గొంతు దానికి పూర్తిగా ఎదురు. మనం దొంగ గొంతు అంటామే, మగవాడు తన అసలు ఎత్తు వదిలి సన్నగా, ఆడగొంతు ఎత్తులో పలికేది, అదే. మన సంప్రదాయ సంగీతంలో పెద్దలు దాన్ని ఒప్పుకోరు. నోరు విప్పి నిండుగా పాడమంటారు. లిండా గొంతు వింటే ఆ కట్టుబాటు గుర్తుకే రాదు. అందులో బలహీనత లేదు, దాపరికం లేదు. కొండ మీద నుంచి ఎదుటి కొండ మీది కాపరిని పిలిచే కేకకి పదును పెట్టి పాటలో కూర్చినట్టుంటుంది. ఈ పాట పుట్టుకకి వెనక చెప్పే కథ కూడా చిన్ననాడు పశువుల్ని కాస్తూ, మందల మీదికొచ్చే సింహాల్ని తరిమిన జ్ఞాపకమే.

వాళ్ల వేషం గురించి ఒక మాట. సన్న గీతల కోట్లు, గుండ్రటి టోపీలు, రెండు రంగుల బూట్లు. ఇలాంటి జట్లలో గీతల సూట్లు తొడిగింది మొదట వీళ్లేనంటారు. పాట ఊరిది, బట్ట పట్నానిది. శనివారం రాత్రి కార్మికుల హాస్టళ్లలో పాటల పోటీలు జరిగేవి. ఒక్కో జట్టూ వచ్చి తెల్లవారేదాకా పాడేది. పాటతో పాటు కాళ్లు కదలాలి. ఆ నడక బరువుగా ఉండదు, మునివేళ్ల మీద పిల్లిలా మెత్తగా సాగుతుంది. తర్వాతి రోజుల్లో ఆ కళకి స్థిరపడిన పేరుకి అర్థం కూడా మెత్తగా అడుగేయడమనే. ఆ పేరుని తెలుగులో ‘ఇసికథమియ’ అని రాస్తున్నా, మధ్యలో నాలుకతో చప్పరించినట్టు పలికే ఒక అక్షరం ఉంది. దానికి మన లిపిలో గుర్తు లేదు. అంతకుముందు ఆ కళని పిలిచిన పేరు ‘ఎంబుబే’. పాట పేరే కళ పేరయింది.

ఇలా తెల్లవార్లూ, కాళ్లతో, ఎదురుగా జనంతో పాడటానికి అలవాటుపడిన ఆరుగుర్ని స్టూడియో ఏమడిగిందో ఆలోచించాలి. కదలొద్దంది. జనం లేరంది. మూడు నిమిషాల్లో ముగించమంది.

ఆ స్టూడియో సంగతి కొంచెం చెప్పాలి. ఎరిక్ గాలో 1926లో జొహన్నెస్‌బర్గ్‌లో గ్రామఫోను రికార్డులమ్మే దుకాణం తెరిచాడు. స్థానిక భాషల్లో రికార్డులుంటే కొనేవాళ్లు ఉన్నారని గ్రహించాక, 1930లో గాయకుల్ని ఓడెక్కించి లండన్ పంపి పాడించాడు. అలా వెళ్లినవాళ్లలో గ్రిఫిత్స్ మోట్సీలోవా ఒకడు. చదువుకున్నవాడు, రంగస్థలం మీద పేరున్నవాడు. ప్రతి పాటకీ మనుషుల్ని లండన్ పంపడం సాగే పని కాదని, కొద్ది ఏళ్లకే గాలో జొహన్నెస్‌బర్గ్‌లోనే స్టూడియో పెట్టాడు. సహారా ఎడారికి దక్షిణాన అప్పటికి ఉన్నది అదొక్కటే అంటారు. మోట్సీలోవా అక్కడ పాడేవాళ్లని వెతికి తెచ్చి, ముందు నిలబెట్టి పాడించే మనిషయ్యాడు. లిండా జట్టుని పట్టుకున్నదీ ఆయనే.

అప్పటి రికార్డింగు ఎలా ఉండేదో ఈ తరానికి చెప్పక తప్పదు. టేపు స్టూడియోల్లోకి ఇంకా రాలేదు. పాడుతున్నప్పుడే, తిరుగుతున్న పళ్లెం మీద సూది గాడి గీస్తూ పోతుంది. గీసింది గీసిందే. అతికించడం లేదు, ఒక మాట కోసి ఇంకో మాట పెట్టడం లేదు, ఒక గొంతుని తర్వాత పెంచడం తగ్గించడం లేదు. ఎవరి గొంతు ఎంత వినబడాలో మైకుకి వాళ్లెంత దూరంలో నిలబడ్డారన్న దాన్ని బట్టే తేలాలి. తప్పు జరిగితే పళ్లెం పక్కన పడేసి మొదటి నుంచి పాడాలి. పది అంగుళాల ప్లేటుకి ఒక వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలు. మన నాటకాల పద్యగాయకులకీ ఇదే ఇబ్బంది. వన్స్‌మోర్‌ల మీద వన్స్‌మోర్‌లు అందుకుని అరగంట రాగం తీసేవాళ్లు గ్రామఫోను ముందు గడియారం చూసుకుంటూ పద్యం ముగించాల్సి వచ్చింది. ఆ ప్లేట్లు వింటే చివరి పాదంలో తొందర కనబడుతూనే ఉంటుంది. ‘ఎంబుబే’లో అది కనబడదు. నేను మొదట ఆశ్చర్యపోయింది ఇక్కడే.

ఆ రోజు ఏం జరిగిందో దక్షిణాఫ్రికా పాత్రికేయుడు రియాన్ మలాన్ తవ్వి తీసి, 2000లో ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో పెద్ద వ్యాసంగా రాశాడు. మొదటి టేకు చెడింది. రెండోదీ చెడింది. విసుగెత్తిన మోట్సీలోవా బయటికి తొంగిచూసి, వరండాలో కనబడిన ఒక పియానో అతన్ని, ఒక గిటారు అతన్ని, ఒక బాంజో అతన్ని లోపలికి లాక్కొచ్చాడు. రిహార్సల్ లేదు. మూడో టేకు మొదలయ్యాక ఆ ముగ్గురూ శ్రుతి కోసం తడుముకున్నారు. పాట మొదట్లోనే కూలిపోవాల్సింది, కూలలేదు.

మలాన్ ఆ సంగతిని క్లుప్తంగా దాటేశాడు. నేను అక్కడే ఆగిపోతాను. శ్రుతి ఇవ్వాల్సినవాళ్లే శ్రుతి వెతుక్కుంటున్నారు. అప్పటికి రెండుసార్లు విఫలమై, గొంతు అలిసి, ఎదుటివాడి విసుగు చూసిన జట్టు అది. మామూలుగా అయితే గాయకులు వాద్యం వైపు వంగుతారు, వాద్యం తడబడితే తామూ తడబడతారు. ఇక్కడ ఆరుగురూ తమ ఎత్తు వదల్లేదు. వాద్యాలే కాసేపటికి వీళ్ల దగ్గరికొచ్చి చేరాయి. హాస్టళ్లలో ఏ వాద్యమూ లేకుండా, ఒకరి గొంతే ఇంకొకరికి శ్రుతిగా ఏళ్ల తరబడి పాడినవాళ్లు గనక అది సాధ్యమైంది. ఆ బాంజో, గిటారు, పియానో పాటకి అవసరమని నాకెన్నడూ అనిపించలేదు. అవి వెనక సన్నగా గలగలమంటూ ఉంటాయి, ఏరు పక్కన నడిచే పిల్లల్లా. ఏరు మాత్రం తన దారిన తను పోతుంది.

ఇక పాటలోకి వెళ్దాం.

అడుగు గొంతులు అనేది దాదాపు ఒకే ఒక్క మాట. ఎదుటివాణ్ణి సింహమని పిలిచే మాట. అర్థం పక్కన పెట్టి ధ్వని చూడండి. అందులో మకారం, బకారాలు ఉన్నాయి. అన్నీ పెదవులు మూసి తెరిస్తే పుట్టే హల్లులు. పెదవులు మూసినప్పుడు గొంతు ముక్కులోంచి మూలుగులా సాగుతుంది, తెరిచినప్పుడు చిన్న దెబ్బలా బయటపడుతుంది. అంటే మాటలోనే శ్రుతీ ఉంది, తాళమూ ఉంది. మృదంగం మీద తొప్పిలో గుంకారమిచ్చి వదిలే దెబ్బ ఎలా ఉంటుందో అలా. ఇంకే వాద్యమూ లేకపోయినా ఈ మాట ఒక్కటే డప్పు పని చేసిపెడుతుంది. దాన్ని వంతకి ఎంచుకున్నవాడికి నోటిలో మాట ఎలా కదులుతుందో బాగా తెలుసు.

ఆ మాట కాళ్లూనే స్వరాలు మూడే. షడ్జమం మీద మొదలై, మధ్యమానికి ఎక్కి, మళ్లీ షడ్జమం తాకి, పంచమం మీద ఆగి, అక్కడి నుంచి మొదటికి వస్తుంది. నాలుగడుగుల చక్రం. ఎక్కడా ముగింపు లేని చక్రం, ఎందుకంటే నాలుగో అడుగు పంచమం మీద నిలిచి ఉంటుంది. పంచమం మీద ఆగిన చెవి షడ్జమాన్ని అడుగుతుంది. షడ్జమం రాగానే చక్రం మళ్లీ మొదలైపోతుంది. తిరగలి తిప్పినట్టు, ఒక సగం చుట్టు మన చేతిది, రెండో సగం రాతి బరువుది. చర్చి కీర్తనలు నేర్పిన స్వరాల వరసే ఇది. కానీ చర్చిలో దానికి ముగింపు ఉంటుంది, ఆమెన్ అని కూర్చుంటారు. ఈ జట్టు ముగింపు తీసేసి చుట్టు కట్టింది. మిషనరీ బడిలో నేర్చినదాన్ని పశువుల కాపరి చేతిలో పెట్టి తిప్పించినట్టయింది.

ఆ చుట్టు మీద లిండా ఏం చేస్తాడు? మొదట పెద్దగా ఏమీ చేయడు. ఒక్క స్వరాన్ని ఎత్తున పట్టి నిలుపుతాడు. కింద చక్రం తిరుగుతుంటే పైన స్వరం కదలదు, ఆ స్వరానికి కింద రంగు మారుతూ ఉంటుంది. తర్వాత పై నుంచి జారతాడు. జారుడు సాఫీగా ఉండదు, మధ్యలో అసలు గొంతుకీ దొంగ గొంతుకీ నడుమ గడప తగిలి చిట్లుతుంది. ఆ చిట్లుని అతను దాచడు, దాన్నే అలంకారం చేస్తాడు. కొన్నిచోట్ల మాట కూడా వదిలేసి ఉత్త అచ్చులతో అరుస్తాడు. వంత వాళ్లు మాట పట్టుకుని ఉన్నారు గనక అతనికి మాట అక్కర్లేదు. ప్రతి చుట్టులో కొత్తగా ఏదో ఒకటి వేసి చూస్తాడు, కొన్ని పూర్తికావు, మధ్యలో వదిలేసి ఇంకో చోట ఎత్తుకుంటాడు. మన హరికథ భాగవతార్లు ఆ పూట మనోధర్మం కుదిరేదాకా అటూ ఇటూ తడిమినట్టే ఉంటుంది. స్టూడియోలో, వెనక్కి తీసుకోలేని పళ్లెం మీద, రెండు టేకులు చెడ్డాక, అలా తడమడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ ధైర్యం అతనొక్కడిదే కాదు. ఎక్కడ జారినా కింద పరిచి ఉన్న ఐదుగురి మీదే పడతానన్న నమ్మకం అది.

రెండు నిమిషాలు దాటాక, పళ్లెం మీద చోటు అయిపోవస్తుండగా, అతను మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి కేక కాదు, జారుడు కాదు. పదిహేను స్వరాల వరస. ముందు ఎవరూ కూర్చింది కాదు, అప్పుడు ఆ క్షణాన వచ్చింది. అంతవరకూ తిరగలి మీద పోసిన గింజలన్నీ ఒక్క పిండి ధారగా రాలినట్టు, చక్రంలోని నాలుగు అడుగులకీ తగిలీ తగలకుండా మెలికలు తిరుగుతూ దిగింది. కాసేపటికి పాట అయిపోయింది.

దీన్ని అదృష్టం అన్నవాళ్లున్నారు, దైవికం అన్నవాళ్లున్నారు. నా మటుకు నాకు అది చాలా రోజుల పని ఒక్కసారి పంటకొచ్చినట్టు కనిపిస్తుంది. అంతకుముందు ప్రతి చుట్టులోనూ వేసి వదిలేసిన ముక్కల్ని మళ్లీ విని చూడండి, ఆ వరసకి కావాల్సిన ఒంపులు అక్కడక్కడా ముందే తొంగిచూస్తాయి. వెతుకుతున్నవాడికి దొరికింది.

ఆ పళ్లెం ఇంగ్లండు వెళ్లి ప్లేట్లుగా అచ్చయి వచ్చింది. రేడియో వినే అవకాశం నల్లవాళ్లకి దాదాపు లేని రోజులు. వాళ్ల బస్తీల్లోకి తీగల ద్వారా పాటలు, వార్తలు వినిపించే ఏర్పాటు ఒకటుండేది. అందులో విని జనం దుకాణాలకొచ్చి అడగడం మొదలెట్టారు. అడగడం ఏళ్ల తరబడి ఆగలేదు. 1948 నాటికి సుమారు 1,00,000 ప్రతులు పోయాయి. మళ్లీ మళ్లీ అచ్చుగుద్దడంతో మూల పళ్లెమే అరిగి పాడైపోయింది.

పాట హక్కులకి లిండాకి ముట్టింది 10 షిల్లింగులు. అదే కంపెనీలో ప్లేట్లు ప్యాకింగ్ చేసే పని కూడా చేశాడు. 1962లో మూత్రపిండాల జబ్బుతో పోయాడు. సమాధి మీద రాయి వేయించే స్తోమత ఇంట్లో లేదు, 18 ఏళ్ల తర్వాత గానీ అది కుదరలేదు. ఈ లోపల అమెరికాలో జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్ చేతి నుంచి ఈ ప్లేటు జానపద గాయకుడు పీట్ సీగర్ చేతికి వెళ్లింది. అతను దాన్ని చెవితో విని రాసుకున్నాడు. వంత మాటని ‘విమొవే’ అని విన్నాడు. ఆ పేరుతోనే అతనున్న ‘ద వీవర్స్’ బృందం 1950ల మొదట్లో పాడింది. 1961లో ‘ద టోకెన్స్’ అనే బృందం ఆ పదిహేను స్వరాలకి ఇంగ్లీషు మాటలు తొడిగి పాడితే, అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానంలో కూర్చుంది. లిండా చివర్లో వేసి వెళ్లిపోయిన వరసని వాళ్లు పల్లవి చేసుకున్నారు. అతనికి ఒక్కసారి వచ్చినదాన్ని వీళ్లు పదే పదే పాడారు.

మలాన్ వ్యాసం తర్వాత లిండా కూతుళ్లు కోర్టుకెక్కారు, 2006లో రాజీ కుదిరింది, వాళ్లకి వాటా వచ్చింది. వాళ్ల లాయర్లు పట్టుకున్నది 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్యపు కాపీరైటు చట్టం. రచయిత పోయిన 25 ఏళ్లకి, ఎవరికి అమ్మినా సరే, హక్కు వారసులకి తిరిగి రావాలని అందులో ఒక నిబంధన ఉంది. ఆ చట్టాన్నే మార్పులతో 1914లో మన దేశంలోనూ పెట్టారు, 1957 చట్టం వచ్చేదాకా నడిచింది. చిల్లర డబ్బులకి పాట రాసిచ్చి, ప్లేటు మీద పేరు చూసుకుని సంతోషపడిన మన గాయకుల వారసుల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో అని దిగులేస్తుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ తర్వాత వచ్చిన పాటల్లో ఒకటి గమనించాను. వీవర్స్ పాడినా, దక్షిణాఫ్రికా గాయని మిరియం మకెబా పాడినా, టోకెన్స్ పాడినా, కింద ఆ వంతని ఎవరూ తీసేయలేకపోయారు. మాట తప్పుగా పలికారు. పైన వాయిద్యాలు గుమ్మరించారు. భాష మార్చారు, అర్థం మార్చారు, మందల్ని వెంటాడిన సింహాన్ని అడవిలో నిద్రపుచ్చారు. అయినా నాలుగడుగుల ఆ చుట్టు లేకుండా ఆ వరస ఎవరి నోటా నిలబడలేదు. ఒక్క వరసని విడిగా హమ్ చేసి చూడండి, రెండోసారి వచ్చేసరికి మీ కాలో, మీ వేలో కింద వంత వేయడం మొదలుపెడుతుంది.

అసలు రికార్డు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతుంది, గరగరతో సహా. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కసారి లిండాని వదిలేసి వినండి. కష్టమే, చెవి పైకే పోతుంది. బలవంతంగా కిందే ఉంచండి. రెండు నిమిషాలు దాటాక పైన అతను కొత్తగా ఎత్తుకుంటాడు. తమ నాయకుడి నోట అంతకుముందెన్నడూ వినని వరస వస్తోందని కింద ఉన్నవాళ్లకీ అప్పుడే తెలిసి ఉంటుంది. ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, తల అటు తిరుగుతుంది. ఎంఖిజే, ఎంలంగేని, సిఖకానే గొంతుల్లో మాత్రం బెసుకు లేదు. షడ్జమం, మధ్యమం, షడ్జమం, పంచమం. అదే ఎత్తు, అదే ఊపు, మొదటి చుట్టులో ఎలా ఉందో అలాగే.